ఏ ఖాతాలో వెయ్యమంటారు

తూకాలాయన కంటే ఆయన మోసే పెట్టె ఎక్కువ బరువని కాటాల కంపెనీలో ఒక వేళాకోళం ఉండేది. అది నిజం కాదు గాని, ఆయన మెట్లెక్కుతుంటే చూసినవాళ్ళకి నిజమేననిపించేది. సన్నటి మనిషి. పెట్టె మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది.

పెట్టెలో తూకపురాళ్ళుండేవి. నున్నటి ఉక్కు రాళ్ళు, ఒక్కొక్కటి దాని గుంటలో, మెత్తని గుడ్డ మీద. మిల్లుల్లో, గోదాముల్లో, మందుల ఫ్యాక్టరీల్లో కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో ఆ రాళ్ళు పెట్టి చూసి చెప్పడం ఆయన పని. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకునేవాడు కాదు. వేలి చెమ్మ తగిలినా బరువు మారుతుందనేవాడు. చేతికి తొడుగు వేసుకుని, గాలి రాకుండా తలుపు మూయించి, ముందు కాటాని సున్నాకి తెచ్చి, అప్పుడు రాయి పెట్టేవాడు. అంకె కదలకుండా నిలిచేదాకా పక్కన ఎవరైనా మాట్లాడితే ఊరుకునేవాడు కాదు.

పని మీద ఊరూరా విమానాల్లో తిరిగేవాడు. టిక్కెట్టు కంపెనీ కొనేది, ఏది చవగ్గా దొరికితే అది. ఇవాళ ఒకరి విమానం, ఎల్లుండి ఇంకొకరిది. ఈ విమానాల వాళ్ళలో కొందరు ఒక జట్టుగా ఉండేవారు. జట్టులో ఎవరి విమానం ఎక్కినా, ఎగిరిన మైళ్ళని జట్టులో తనకిష్టమైనవాళ్ళ ఖాతాలో జమ వేయించుకోవచ్చు. అవి పోగైతే వాటికి బదులు టిక్కెట్టిస్తారు. అందుకే కౌంటరులో అమ్మాయి ప్రతిసారీ అడిగేది.

"ఏ ఖాతాలో వెయ్యమంటారు?"

ఏదో ఒకటి చెప్పాలి. ఒకచోట వేసింది తీసి ఇంకోచోట వెయ్యడానికి లేదు. నోరు జారిన మాట లాంటిదే అదీను.

ఆయనకి రెండు ఖాతాలుండేవి. ఒకటి పెద్ద కంపెనీది, ఒకటి చిన్న కంపెనీది. ఆ రెండింటి మధ్యా ఆయన భార్య ప్రయాణం ఉండేది.

ఆవిడ ఏళ్ళ తరబడి కుట్టుమిషను మీద వంగి హోటళ్ళకీ ఆసుపత్రులకీ తెరలు కుట్టింది. చివరికి నడుం మొరాయించింది. కాసేపు కూర్చుంటే చాలు, నేల మీద పరుపు వేసుకుని వెల్లకిలా పడుకోవాలి. కూరగాయలు తరిగేది నిలబడి, అన్నం తినేది నిలబడి. చుట్టాలొస్తే పడుకునే మాట్లాడేది. "మహారాణినండి, లేవను, మీరే వంగండి" అనేది.

ఆవిడకి ఒక చెల్లెలుండేది. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే ఎత్తుకుని పెంచింది. పెళ్ళయ్యాక ఆ చెల్లెలు సముద్రం అవతల స్థిరపడింది. ఏనాటికైనా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి రావాలని అక్క కోరిక. అంత దూరం కూర్చుని వెళ్ళడం జరిగే పని కాదు. విమానంలో ముందు భాగంలో మంచంలా పరుచుకునే సీట్లుంటాయి, వాటిలో అయితే వెళ్ళగలదు. ఆ సీటు కొనడం తూకాలాయన తరం కాదు. మైళ్ళతో అయితే దొరుకుతుంది.

ఈ సంగతి తెలిశాక ఆయన చాలా లెక్కలు చూశాడు. అదే విమానంలో అదే సీటుకి పెద్ద కంపెనీ అడిగే మైళ్ళలో చిన్న కంపెనీ ఇంచుమించు సగమే అడుగుతోంది. మొదటి ఏడు చిన్న ఖాతాలోనే వేయించాడు. ఇంటికొచ్చి పరుపు పక్కన కూర్చుని, ఇంత పోగయింది, ఇంత కావాలి అని చేతులతో చూపించేవాడు. ఆవిడ పైకప్పు వంక చూస్తూ వినేది.

తర్వాత బంగారు కార్డు సంగతొచ్చింది. ఏడాదిలో చాలినన్ని ప్రయాణాలు పెద్ద కంపెనీ ఖాతాలో పడితే వాళ్ళు బంగారు రంగు కార్డు ఇస్తారు. కార్డు ఉంటే తూకపురాళ్ళ పెట్టెకి అదనంగా కట్టక్కర్లేదు. వరసలో నిలబడక్కర్లేదు. ఎదురుచూడ్డానికి వేరే గది, మెత్తటి కుర్చీలు. పెట్టె ఖర్చు గురించి ఆఫీసులో సణుగుడు తప్పుతుందని ఆయన భార్యకి చెప్పాడు. అది నిజమే. చెప్పనిది ఒకటుంది. మిల్లులకీ గోదాములకీ ఆయన వెనక గేటు నుంచి వెళ్ళేవాడు. గేటు దగ్గర పెట్టె విప్పించి తడిమేవారు. తక్కువ తూస్తోందని తేలిన కాటా యజమాని ఆయన్ని దొంగని చూసినట్టు చూసేవాడు. ఆ కార్డు చూపించిన కౌంటరులో మాత్రం అమ్మాయి లేచి నిలబడి, పేరు పెట్టి పలకరించి, "మళ్ళీ మా దగ్గరికొచ్చినందుకు సంతోషమండీ" అనేది.

చెప్పకపోయినా ఆవిడకి తెలుసు. ఆయన కార్డుని కళ్ళజోడు తుడిచే గుడ్డతో తుడవడం ఆవిడ చూసింది.

"అది నాకు సవతండీ" అంది ఒకరోజు. "సవతికైతే రోజూ విమానయోగం."

"ఈ ఒక్క ఏడు. వచ్చే ఏటి నుంచి అన్నీ నీ ఖాతాలోనే."

"ఉండనివ్వండి. అక్కడ మీకు మర్యాద చేస్తారు కదా."

ఆ మాట ఆవిడ దెప్పుతూ అనలేదు. దెప్పినా బాగుండేదని ఆయనకి తర్వాత చాలాసార్లు అనిపించింది. కార్డు ఒక ఏటితో తీరేది కాదు. ఏటా మళ్ళీ సంపాదించుకోవాలి, లేకపోతే తీసేస్తారు. అలా వచ్చే ఏడు, ఆ వచ్చే ఏడు అనుకుంటుండగా చిన్న ఖాతా ముక్కాలు నిండిన కుండలా మూల పడి ఉంది.

చెల్లెలు ఫోను చేసినప్పుడల్లా బావగారిని పిలవమని ఏడిపించేది.

"ఏం బావగారూ, మా అక్కని తూచి పంపిస్తారా ఏంటి, ఇంత ఆలస్యం?"

"మీ అక్కకి మంచం లాంటి సీటు కావాలమ్మా."

"అయితే మంచంతో సహా పంపించండి. మా ఇంట్లో చోటుంది."

ఒక చలికాలం ఆ పిల్ల గొంతు సన్నబడింది. ఒంట్లో రక్తం నిలవడం లేదనీ, మందులకి జుట్టు రాలుతోందనీ, ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నామనీ ఆమె భర్త చెప్పాడు. తూకాలాయనకి తోడల్లుడు. నెమ్మదస్తుడు, దేన్నీ పెంచి చెప్పేవాడు కాదు. అక్కని చూస్తే ధైర్యంగా ఉంటుందంటోంది, వీలైతే పంపించండి అన్నాడు.

ఆ రోజు ఆవిడ భర్తని ఒకటే అడిగింది.

"ఇంకెన్ని ప్రయాణాలు చెయ్యాలండీ మీరు?"

"రెండు" అన్నాడు.

అది నిజం. రెండు ప్రయాణాలు చిన్న ఖాతాలో పడితే సీటు వస్తుంది. అవి ఆ నెలలోనే ఉన్నాయి కూడా. కానీ అది ఏడాది చివరి నెల. కార్డు నిలబడాలన్నా సరిగ్గా రెండే కావాలి.

మొదటి ప్రయాణం రోజు పెట్టె కాటా మీద పెట్టి నిలబడ్డాడు. కౌంటరు కాటా అంకె కదిలి కదిలి ఆగింది. అమ్మాయి అడిగింది. ఈ రెండూ పెద్దదాంట్లో వేయిస్తే కార్డు నిలుస్తుంది, వచ్చే నెల ప్రయాణాలు చిన్నదాంట్లో వేయిస్తే సీటొస్తుంది, ఒక్క నెలలో ఏం మునిగిపోతుంది అనుకున్నాడు. పెద్ద ఖాతా అంకె చెప్పాడు. రెండోసారీ అదే చెప్పాడు. ఇంటికొచ్చి, ఈ రెండుసార్లూ కంపెనీ రైల్లో పంపిందని, విమాన ప్రయాణాలు వచ్చే నెలకి మారాయని అన్నాడు. ఆవిడ సరేనంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తప్పుడు తూకం చెప్పడం అదే మొదలు.

ఆ మరుసటి నెల చెప్పినట్టే చేశాడు. మైళ్ళు నిండాయి. ఆవిడ పేరున సీటు దొరికింది, ఆ పై వారానికి. ఆవిడ సంచి సర్దుకుంది. చెల్లెలికి చిన్నప్పుడు తల దువ్విన చెక్క దువ్వెన ఒకటి అట్టే పెట్టింది, అది కూడా పెట్టుకుంది. సీటు ఎలా పరుచుకుంటుందో రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి కూడా అడిగి, తనే నవ్వుకుంది.

ప్రయాణానికి ఇంకా కొద్ది రోజులుండగా తోడల్లుడు ఫోను చేశాడు. పొద్దున్నే పోయిందన్నాడు. నిద్రలోనే పోయిందన్నాడు.

ఆ మధ్యాహ్నమే టపాలో కవరొచ్చింది. ఆవిడ నిలబడే విప్పింది. కొత్త ఏటి బంగారు కార్డు. గడిచిన ఏడాది విమాన ప్రయాణాలకి అభినందనలు చెబుతూ కాగితం ఉంది, అందులో రైల్లో వెళ్ళానన్న ఆ రెండు ప్రయాణాల తేదీలూ ఉన్నాయి. ఆవిడ దాన్ని చదివి ఆయన కళ్ళజోడు పక్కన పెట్టి, పరుపు మీదికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన వచ్చి కార్డు చూశాడు. ఆవిడ వీపు చూశాడు.

సాయంత్రం ఆయన, సీటు ఉందిగా, నువ్వు వెళ్ళిరా అన్నాడు.

"దాన్ని చూద్దామనుకున్నానండీ. దాని పలకని మొహం చూడ్డానికి అంత దూరం వెళ్ళలేను." గోడవైపే తిరిగి అంది: "మీరు వెళ్ళండి. మన తరఫున ఒకరుండాలి. ఆ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు."

ఆవిడ టిక్కెట్టు రద్దు చేసి, అవే మైళ్ళతో మర్నాటికి తన పేరున రాయించుకున్నాడు. పెట్టె లేకుండా ఆయన విమానమెక్కడం అదే మొదటిసారి. కుడిచెయ్యి ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. జేబులో చెక్క దువ్వెన ఉంది. ఆవిడే ఇచ్చింది, చెల్లెలి దగ్గర పెట్టమని.

సీటు నిజంగానే పెద్దది. విమానం పైకి లేచాక అమ్మాయి వచ్చి, పరవమంటారా అని అడిగింది. వద్దన్నాడు. భోజనం తర్వాత వచ్చి మళ్ళీ అడిగింది. వద్దమ్మా అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళందరూ కాళ్ళు చాపుకుని పడుకున్నారు. ఆయన మాత్రం నిటారుగా కూర్చున్నాడు. సగం దూరంలో నడుంనొప్పి మొదలైంది. ఎక్కడ మొదలవుతుందో, ఎలా కిందికి దిగుతుందో ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. సరిగ్గా అలాగే దిగింది. విమానం దిగేదాకా అలాగే కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి ఆవిడ పరుపు మీదే ఉంది. దువ్వెన దాని చేతిలో పెట్టారా అని అడిగింది. పెట్టానన్నాడు. జుట్టు ఉందా అని అడిగింది. కొంచెం ఉందన్నాడు. అన్నం వడ్డిస్తానని లేవబోతే వద్దన్నాడు. గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు.

"సీటు నిజంగా మంచంలా పరుచుకుంటుందా?"

"పరుచుకుంటుంది."

"పడుకున్నారా మరి?"

"లేదు."

ఆవిడ ఆయన నిలబడ్డ తీరు చూసింది. ఒక చెయ్యి నడుం మీద ఉంది, ఒక చెయ్యి ద్వారబంధం మీద. ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేని నొప్పి అది.

చాలాసేపటికి పరుపు మీద కాస్త అవతలికి జరిగింది.

"రండి" అంది. "మోకాళ్ళు ముడుచుకోండి ముందు. అలా అయితేనే తగ్గుతుంది."