పాత రింగు తీశానన్న రోజు

ఈ ఉదయం ఆయన కారు ఆయిలు మార్చారు. ఆ పనికి నేనూ పక్కన ఉండాలి, నాలుగేళ్ళుగా అదొక నియమమైపోయింది. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు. నా గోళ్ళ సందుల్లో ఇంకా నలుపుంది, నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు. దాన్ని చూస్తుంటే మొదటిసారి ఏం జరిగిందో రాయాలనిపించింది. ఇది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా అమ్మకు రాసిన ఉత్తరంలో కూడా, పిల్లకు జ్వరం వచ్చి తగ్గిందని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను.

అప్పటికి మేము హుస్సేనీ ఆలంలో అద్దెకు దిగి ఏడాది. కోస్తా నుంచి ఆయనకు బదిలీ అయి వచ్చాం. పాత ఇంట్లో ముందు వాటా మాది. పెద్ద చెక్క గేటు, లోపల షాబాదు బండలు పరిచిన వాకిలి, అందులో మా పాత అంబాసిడర్. రిటైరైన ఒక ఆఫీసరు దగ్గర కొన్నాం. పిల్లకు అప్పుడు పది నెలలు.

నాకు మొదటినుంచీ భయం ఎక్కువ. పిల్ల పుట్టాక ఇంకా ఎక్కువైంది. పిల్లల పెంపకం గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కుని, అందులో జబ్బుల భాగం మాత్రమే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. రోజూ పడుకునే ముందు ఆయన్ని ఒకే మాట అడిగేదాన్ని.

"కారు స్టార్టవుతుంది కదండీ?"

"అవుతుంది."

"పొద్దున చూశారా?"

"చూశాను. పడుకో."

కర్ఫ్యూ పెట్టిన మూడో రోజు అది. మా గల్లీలో ఏ గొడవా జరగలేదు. కానీ ఎక్కడో జరిగింది కాబట్టి అందరం లోపలే ఉన్నాం. దుకాణాలు లేవు, రిక్షాలు లేవు. మాకు ఎప్పుడూ మందిచ్చే డాక్టరుగారు మూసీ అవతల వాళ్ళ అన్నగారింట్లో చిక్కుకుపోయారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. తెల్లవారి లేచేసరికి పిల్లకు ముక్కు కారుతోంది, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది.

"ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే?" అన్నాను.

"కారుంది కదా."

"అందులో ఆయిలు బాగా నల్లబడిపోయిందని మొన్న మీరే అన్నారు. దారిలో ఆగిపోతే? ఈ కర్ఫ్యూలో?"

ఆయన నా మొహంలోకి చూసి నిట్టూర్చారు. కొత్త ఆయిలు డబ్బా, కొత్త ఫిల్టరు కొని నెలయింది. తీరిక దొరక్క మంచం కింద ఉన్నాయి. మెకానిక్కు దుకాణం ఎలాగూ మూసే ఉంది. "సరే, నేనే మారుస్తాను. నీకు ధైర్యం, నాకు కాలక్షేపం" అన్నారు. అంటే ఆ పని మొదలుపెట్టించింది నేనే.

ముందు చక్రాలు ఇటుకల మీదికెక్కించి ఆయన కారు కిందికి దూరారు. నేను ఇటుకలు కదులుతున్నాయేమోనని చూస్తూ నిలబడ్డాను. పక్కింటివాళ్ళది పాల వ్యాపారం. తరాలుగా అక్కడే ఉంటున్నారు. గోడ అవతల వాళ్ళ బర్రెలు, ఇవతల మేము. ఆ ఇంటి పెద్దావిడ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏంది సారూ, ఆఫీసు లేకుంటె కారు కింద పండుకుంటున్నవా?"

"ఆయిలు మారుస్తున్నానమ్మా" అన్నారాయన కిందనుంచే.

"మా బర్రెలకు కర్ఫ్యూ లేదు, సెలవు లేదు. మీకే నయముంది. గా నల్లనూనె పారబొయ్యకుండ్రి సారూ, నాకియ్యుండ్రి. బర్రెకు మెడకాడ పుండయింది, ఈగలు మస్తు ముసురుతున్నయ్. పూస్తె వాలయి."

కింది బోల్టు విప్పగానే కారు కింద పెట్టిన ఇనపతట్టలోకి నల్లటి ధార పడింది. అంతా కారిపోయాక ఆ నూనెను ఆవిడ పాలక్యానులో పోసి గోడ మీదుగా అందించాం.

తర్వాత ఫిల్టరు. ఇంజను పక్కన గిన్నెలాంటిది వేలాడుతూ ఉంటుంది. ఒక పొడుగాటి బోల్టు విప్పితే గిన్నె కిందికి దిగుతుంది, లోపల కాగితపు ఫిల్టరు ఉంటుంది. గిన్నె అంచు ఆనేచోట, పైన గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాతది తీసి కొత్తది పెట్టాలి. ఆయన వేళ్ళు లావు, గాడిలోకి పోవు. "నీ జడపిన్నుతో గుచ్చి లాగు, అదే వస్తుంది" అని ఆ పని నాకిచ్చి, ఆయన మళ్ళీ కిందికి దూరి కింది బోల్టు బిగిస్తున్నారు.

నేను బానెట్ కిందికి వంగాను. గాడి కనపడదు, చేత్తో తడమాలి. వేలికి మెత్తగా ఏదో తగిలింది. అది రబ్బరో, జిడ్డో తెలియలేదు. పిన్నుతో రెండుసార్లు గుచ్చాను. అంతలో లోపల్నుంచి పిల్ల దగ్గు. ఆ దగ్గు కొత్తగా ఉంది, మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగింది. కొత్త రింగు గాడిలోకి నొక్కేశాను. అది కుదురుకున్నట్టే అనిపించింది.

"పాతది తీశావా?" కారు కిందనుంచి ఆయన.

"ఆఁ" అని లోపలికి పరిగెత్తాను.

పిల్ల ఏమీ లేనట్టు చెక్కబొమ్మను నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను. ఆయన గిన్నె బిగించేసి, కొత్త ఆయిలు గరాటుతో పోస్తున్నారు. తేనెలా ఉంది. డబ్బా అడుగున కాస్త ఉంచి, మూత బిగించి, కారెక్కి స్టార్ట్ చేశారు.

ఇంజను శబ్దం మామూలుగానే ఉంది. నేను బండలవైపు చూస్తున్నాను, భయం వల్ల నాకు అలవాటే. కారు కిందనుంచి తేనెరంగు తడి ఒకటి పాకుతూ వచ్చింది. క్షణంలో అది ధారయింది. బండల సందుల్లోంచి మురుగు పోయే మోరీ వైపు పరుగెత్తింది.

"ఆపండి! ఆపండీ!"

ఆయన ఆపి దిగేసరికి ఆయిలంతా మోరీలో కలిసిపోయింది. తట్ట పెట్టే వ్యవధి కూడా లేదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూశారు. "గిన్నె బోల్టు సరిగ్గా బిగించలేదేమో" అన్నారు మెల్లగా. "ఇంకేం చేస్తాం. కర్ఫ్యూ తీశాక కొందాం."

వేలికి తగిలిన ఆ మెత్తదనం గుర్తొచ్చింది. అది జిడ్డే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. తడిగుడ్డ వేస్తున్నాను. ఉన్నట్టుండి పిల్ల కళ్ళు పైకి తిరిగాయి. చేతులు బిగుసుకున్నాయి, పెదవులు నీలమయ్యాయి, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. పుస్తకంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఒక్కటీ చేయలేదు. అరిచాను. నా గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసింది.

ఆయన వచ్చి పిల్లను పక్కకు తిప్పారు. ఆయన వెనకే పక్కింటి పెద్దావిడ. గోడ ఎలా దాటిందో, చేతులకింకా పేడ ఉంది.

"ఇనుము వెట్టుండ్రి బిడ్డ చేతుల! తాళంచెవులో గీళంచెవులో!"

కిటికీలో ఆయన పొద్దున వాడిన పానా ఉంది. ఆవిడ దాన్నే తీసి పిల్ల గుప్పిట్లో పెట్టి, పైన తన చెయ్యి మూసింది. ఆయిలు జిడ్డు పిల్ల వేళ్ళకంటింది. పుస్తకంలో అలా లేదు. కానీ ఆవిడ చెయ్యి నిలకడగా ఉంది. అందుకే ఊరుకున్నాను.

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. పిల్ల వాడిపోయిన తోటకూర కాడలా వేలాడిపోయింది. ఊపిరి ఆడుతోంది. కానీ ఇంకోసారి వస్తే?

"ఆస్పత్రికి తీసుకపోండ్రి సారూ, ఏం జూస్తున్నరు?" అందావిడ.

"కార్లో ఆయిలు లేదమ్మా. లేకుండా నడిపితే రెండు ఫర్లాంగులు కూడా పోదు, ఇంజను పట్టేస్తుంది."

"గదేంది, పొద్దుగాల పోస్తివి గద?"

"కారిపోయింది."

ఆవిడ గోడవైపు తల తిప్పింది. "నాకిచ్చిన నల్లనూనె ఉన్నది. ఒక్క బర్రెకే పూసిన. పనికొస్తదా?"

ఆయన అప్పటికే గోడవైపు పరిగెడుతున్నారు. కారు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఫిల్టరు గిన్నె విప్పి కింద పెట్టి, "అంతా తుడిచి రింగు మళ్ళీ సరిగ్గా పెట్టు" అని నాకు చెప్పి గోడెక్కారు.

పెద్దావిడ పిల్లను ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. నేను బానెట్ కిందికి వంగాను. ఈసారి తడమలేదు. తల లోపలికి దూర్చి చూశాను. కొత్త రింగు సగం బయటికి జారి వేలాడుతోంది. దాన్ని లాగాను. దాని వెనక, గాడిలో అతుక్కుపోయి, బల్లపరుపుగా నల్లగా ఇంకొకటి ఉంది.

అది రబ్బరే.

పిన్నుతో గుచ్చి లాగితే ఊడి అరచేతిలో పడింది. పైన జిడ్డు మెత్తగా ఉన్నా, లోపల పెళుసుగా, ఎండిన మినప్పొట్టులా ఉంది. తలెత్తాను. పిల్ల తల పెద్దావిడ మోచేతి మీద వాలి ఉంది. ఆ రింగును నా కొంగులో ముడేసుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు ఆలోచించలేదు. పిల్లకేమైనా అయితే ఆయన నన్నెలా చూస్తారోనన్న భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

కొత్త రింగును ఖాళీ గాడిలో కూర్చోబెట్టాను. ఆయన క్యానుతో వచ్చి గిన్నె బిగించారు. నూనెలో గడ్డిపరకలు, బర్రె వెంట్రుకలు తేలుతున్నాయి. ఉతికిన పొత్తిగుడ్డ నాలుగు మడతలు వేసి గరాటు మీద పరిచాను. ఆయన పోస్తున్నారు. అది ఒక్కో చుక్కే దిగుతోంది.

"ఇందులో ఇంకేం కలపలేదు కదమ్మా? పసుపు గట్రా?"

"ఏం గలపలే. నీ కారు గూడ బర్రె లెక్కనే నడుస్తది తీ."

డబ్బా అడుగున మిగిలిన కొత్త ఆయిలు కూడా పోశారు. ఆయిలు కొలిచే కడ్డీ ముంచి చూస్తే కింది గీత దాకా వచ్చింది. ఆయన స్టార్ట్ చేస్తుంటే నేను బండల మీద కూర్చుని అరచెయ్యి గిన్నె కింద పెట్టాను. ఒక్క చుక్క పడితే చాలు, అంతా అయిపోయినట్టే. పదిదాకా లెక్కపెట్టాను, ఇరవై దాకా లెక్కపెట్టాను. అరచెయ్యి పొడిగానే ఉంది.

వెనక సీట్లో పిల్లతో నేను. కిటికీలోంచి ఇంకో తెల్ల పొత్తిగుడ్డ బయటికి పట్టుకున్నాను. గల్లీలో అంత వెలుతురున్నా ఒక్క మనిషి లేడు. ఆయిలు అందకపోతే స్టీరింగు ముందు ఒక ఎర్ర దీపం వెలుగుతుంది. దారంతా ఒకసారి పిల్ల ఛాతీ, ఒకసారి ఆ దీపం. వంతెన దగ్గర పోలీసులు ఆపారు.

"కిధర్ జారే?"

"బచ్చీకో ఫిట్స్ ఆయా సాబ్, దవాఖానా" అన్నారాయన. ఆయన హిందీ ఎప్పుడూ అంతంతమాత్రమే.

ఆ జవాను కిటికీలోంచి వంగి చూశాడు. పిల్ల గుప్పిట్లో పానా ఇంకా అలాగే ఉంది, నేను తీయలేదు. అతను దాన్ని చూసి, నన్ను చూసి, లాఠీతో కారు మీద తట్టాడు. "జావ్ మా, జల్దీ జావ్."

ఎర్ర దీపం వెలగలేదు.

అవతలి ఆస్పత్రిలో లేడీ డాక్టరు సూది వేసి, పరీక్షించి, జ్వరం హెచ్చితే కొంతమంది పిల్లలకు ఇలా వస్తుందన్నారు. మెదడుకేమీ కాలేదన్నారు. రేపటిదాకా ఉంచండి అన్నారు. తర్వాత పిల్ల వేళ్ళు విప్పి చూసి, "ఈ నలుపేంటమ్మా?" అని అడిగారు. ఇంజనాయిలు అన్నాను.

సాయంత్రం పిల్ల కళ్ళు తెరిచి పాలు తాగింది. ఆయన వరండాలో బల్ల మీద కూర్చున్నారు. దగ్గరికెళ్ళేసరికి ఆయన చేతులకంటిన నలుపును చొక్కా అంచుతో ఆపకుండా రుద్దుకుంటున్నారు. ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

"నేనే బోల్టు సరిగ్గా బిగించలేదు" అన్నారు. "ఆ నూనె ఆవిడ పారబోసి ఉంటే? చేతిలో కారుండి, పిల్లను చేతులారా..."

ఊరుకుంటే ఎప్పటికీ ఆయన అలాగే అనుకునేవారు. ముడి నా నడుము దగ్గర గుచ్చుకుంటోంది. ఆయన తిడతారని భయం, తిట్టకపోతే ఇంకా భయం. పక్కన కూర్చుని కొంగుముడి విప్పి, రింగు ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వెలుతురు వైపు పట్టి చూశారు.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"మధ్యాహ్నం. పొద్దున తీశానన్నాను కదా, తీయలేదు. పిల్ల దగ్గింది. చూడకుండానే ఆఁ అనేశాను."

లోపల ఏదో మంచం దగ్గర ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆయన రింగును వేలితో వంచి చూశారు. అది విరిగిపోయింది.

"నేను తల పెట్టి చూడాల్సింది" అన్నారు. "నువ్వు దగ్గు విన్నావు. నేను వినలేదు కూడా." ఆ రెండు ముక్కలూ చొక్కా జేబులో వేసుకుని లేచి, పిల్ల దగ్గరికి వెళ్ళారు. ఆ తర్వాత దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

పాత నూనె మీదే ఇంకో పది రోజులు నడిపాం. బర్రె పుండు మానడానికి ఆలస్యమైందని పెద్దావిడ ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంది. "నీ బిడ్డ కోసం నా బర్రె తిప్పలు వడ్డది" అంటూనే పిల్లకు రోజూ మీగడ పెట్టి పంపుతుంది.

ఈ ఉదయం మళ్ళీ బానెట్ కిందికి వంగాను. పిల్లకు మళ్ళీ అలా రాలేదు, కానీ ఆ పానా పట్టుకుంటే నాకు చేతులు చల్లబడతాయి. ఆయన కారు కింద ఉన్నారు. రింగు తీశావా అని ఆయనిప్పుడు అడగరు. కిందనుంచి అరచెయ్యి ఒకటి బయటికి చాపుతారు, అంతే. పాత రింగు అందులో పెట్టేదాకా ఆ చెయ్యి అలాగే ఉంటుంది.