దుప్పటి కింద బన్నీ

మస్కట్ దగ్గర మబేలాలో మా పక్క ఫ్లాట్ లావణ్యకు జనంలోకి వెళితే గుండెదడ. అందుకే బన్నీ అనే బొచ్చుకుక్కను పెంచుతోంది. అది కుక్క కాదట, ఎమోషనల్ సపోర్ట్ అట! కుక్కంటే ఆమడ దూరం పరిగెత్తే నన్నే ఒకరోజు మాల్‌కు తోడు రమ్మంది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు. మన నిజామాబాద్ మనిషే.

"ఇది నాకు మందు లాంటిదండీ," అంది లావణ్య.

"మందయితే సంచిల పెట్టుకొని రా అక్కా. కుక్కనైతే రానియ్య."

నియమాలు మామూలు మనుషులకు కదా! లావణ్య కారు దగ్గరికి వెళ్లి, బన్నీని డిక్కీలో ఉన్న తన పిల్లాడి పాత స్ట్రోలర్‌లో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఇంకో గేటులోంచి దర్జాగా తోసుకొచ్చింది.

లిఫ్టులో ఒక ఒమానీ పెద్దావిడ "మాషా అల్లా!" అంటూ బిడ్డను చూద్దామని ముద్దుగా దుప్పటి తీసింది. బన్నీ ఆవిడ చెయ్యి నాకింది. ఆవిడ కెవ్వుమంది. తలుపు తెరుచుకోగానే బన్నీ ఉడాయించింది. లావణ్య ఊపిరాడక అక్కడే కూలబడింది.

ఆ దివ్యౌషధాన్ని ఫుడ్‌కోర్టు బల్లల కింద పాకి పట్టుకున్నది నేనే. గడగడా వణుకుతూ అది నా కొత్త చుడీదార్ తడిపేసింది. తిరిగొచ్చేసరికి ఆ పెద్దావిడే లావణ్య పక్కన నేలమీద కూర్చుని, వీపు నిమురుతూ నీళ్లు తాగిస్తోంది. లావణ్య దడ తగ్గింది. బన్నీని చూసి ఆవిడ "మిస్కీన్!" అంది. అంటే పాపం అని.

కుక్కలను రానివ్వని నియమం నాలాంటి పిరికివాళ్ల కోసమే అనుకునేదాన్ని. బన్నీ వణుకు చూశాక దాని కోసం కూడా అనిపించింది. మాల్‌కు వస్తావా అని బన్నీని ఎవరడిగారు గనుక!