ఆ మోటరు ఎవరు వేసినారు?

కరోనా అణిగాక వచ్చిన రెండో వేసవి అది. కదిరి బస్టాండు వెనక సందులో, కింద టైర్ల అంగడి, పైన మా వర్క్‌షాపు. ఎనిమిది మంది ఆడవాళ్లం, మా ఓనరు బాషా. కంపెనీ అంటే అంతే. వ్యవసాయ మోటర్లకు పెట్టే స్టార్టర్ పెట్టెలు తయారు చేస్తాం. నా పేరు ఓబుళమ్మ. నాకు చదువు సంతకం వరకే, ఇది నోటితో చెప్పి రాయిస్తున్నాను. పని మాత్రం మొదటినుంచీ టెస్టింగే. పెట్టె బాగుందని నేను ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తేనే అది గడప దాటుతుంది.

మా పెట్టె గొప్ప ఏమిటో ముందు చెప్పాలి. నీళ్లు లేకుండా మోటరు ఒట్టిగా తిరిగితే దాన్ని డ్రై రన్ అంటారు. అలా తిరిగితే కాలిపోతుంది. మా సీమ బోర్లలో నీళ్లు ఒక గంట కూడా నిలబడి రావు. నీళ్లు తగ్గగానే మా పెట్టె మోటరును ఆపేస్తుంది. నలభై నిమిషాలు ఆగుతుంది. ఈలోగా బోరులో ఊట చేరుతుంది. అప్పుడు మనిషితో పని లేకుండా మోటరును మళ్లీ తానే వేస్తుంది. దీన్ని ఆటో రీస్టార్ట్ అంటారు. రైతు ప్రతిసారీ చేనికి పరుగెత్తనక్కర్లేదు. నల్లమాడ వైపు రైతులు దీనికోసమే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

ఆ వేసవిలో టాంజానియా నుంచి జోసెఫ్ అనే ఆయన బాషాకు ఫోన్ చేశాడు. అక్కడ సోలార్ మోటర్లు అమ్ముతాడట. మొదట ఇరవై పెట్టెలు పంపమన్నాడు, నచ్చితే ఇంకో రెండు వందలు. ఇరవై పెట్టెలకూ స్టిక్కరు నేనే అంటించాను. ఆ రోజు మా వాళ్ల ఎగతాళి ఇంతా అంతా కాదు.

"ఓబుళక్కా, నీ పెట్టెలు ఇమానం ఎక్కినాయి. నువ్వు ఇంకా బెంగుళూరు బస్సే ఎక్కల్యా," అంది వైర్లు అతికే సాయిరాబీ.

"నేనెక్కితే పెట్టెలెవరు చూస్తారే? నువ్వా? నీకు ఎర్ర తీగకీ నల్ల తీగకీ తేడా తెలీదు," అన్నాను.

నెల తిరక్కుండానే జోసెఫ్ ఒక ఫొటో పంపాడు. బాషా దాన్ని పెద్దదిగా తీయించి గోడకు అంటించాడు. పెద్ద బావి. పక్కన గుంజకు మా పెట్టె. బావి నిండా నల్లగా మెరిసే నీళ్లు. ఎనిమిది మందిమీ పని ఆపి గోడ దగ్గర చేరాం.

"అబ్బా, ఏం నీళ్లే తల్లీ!" అని ఒకామె. "మనకు ఈ బావిలో సగముంటే చాలు," అని ఇంకొకామె. నేను కూడా చాలాసేపు ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డాను.

ఆ బావి గోడలో పైనుంచి నీళ్లదాకా, కాలు పెట్టడానికి తొలిచిన గుంటలు ఉన్నాయి. ఫొటోలో స్పష్టంగా కనబడుతున్నాయి. అంటే మనుషులు దిగుతారని. ఎనిమిది మందిలో ఒక్కరమూ చూడలేదు. మా నాయన కాలంలో మాకూ అలాంటి బావులుండేవి. ఎండిపోతే చెత్త వేసి పూడ్చేశాం. ఇప్పుడున్నవి ఆరంగుళాల బోర్లు. అందులోకి పిల్లి కూడా దిగలేదు. బావిలోకి మనిషి దిగుతాడన్న సంగతే మరిచిపోయాం.

వానలు పడాల్సిన రోజుల్లో జోసెఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. బాషా ఇంగ్లీషులో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక నాకు చెప్పాడు.

ఫొటోలో ఉన్న ఆ బావి రైతు చనిపోయాడు. బావిలో నీళ్లు మోకాలి లోతుకు తగ్గి మోటరు ఆగిపోయిందని, అడుగున బురద పట్టిందేమో తీద్దామని దిగాడు. మోటరు తీగ రాతికి రాసుకుని పైతోలు ఊడి ఉంది. ఆయన నీళ్లలో నిలబడి దాన్ని పట్టుకున్నప్పుడు మోటరు లేచింది. పైన పెట్టె దగ్గర ఉన్నది ఆయన తమ్ముడొక్కడే. అన్నదమ్ములకు ముందు రోజే చేను గట్టు మీద పోట్లాట అయింది. తమ్ముడే మోటరు వేసి చంపాడని ఊరు ఊరంతా అంది. పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. చనిపోయినాయన పెండ్లాం పేరు నేమా. ఆమె జోసెఫ్ అంగడికి వచ్చి ఒకటే అడుగుతోందట: "ఆ మోటరు ఎవరు వేసినారు?"

ఆ మాట బాషాతో మళ్లీ చెప్పించుకున్నాను. ఎందుకంటే అది నా మాట.

నా మొగుడు బోరు మెకానిక్కు. ఒక రైతు చేనిలో, పైకి లాగిన మోటరుకు తీగలు అతుకుతుంటే ఎవరో కరెంటు వేశారు, అక్కడికక్కడే పోయాడు. స్టార్టర్ కొట్టంలో మా ఊరివాళ్లే నలుగురున్నారు. నలుగురూ 'నేను కాదు' అన్నారు. ఆ రోజునుంచీ ఆ నలుగురి ఇండ్లలో నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. పెండ్లిలో ఎదురైతే మొహం చూడను, చేతులు చూస్తాను. ఏ చెయ్యా అని.

మా పెట్టెలో సిమ్ము ఉంటుంది. మోటరు ఆగినా లేచినా మా కంప్యూటరుకు తెలుస్తుంది. ఆ చిట్టాను లాగ్ అంటారు. మనిషి చేత్తో వేస్తే నీలం గీత, పెట్టె తానే వేస్తే ఎర్ర గీత. అక్షరాలు రాకపోయినా రంగులు నాకు తెలుసు. బాషా లాగ్ తెరిచాడు. ఆ పూట చివరి గీత ఎర్రగా ఉంది.

బాషా ఆ గీత టైము ఇంకోసారి సరిచూసుకున్నాడు.

"అక్కా, ఈ సంగతి ఎవురికీ చెప్పాకు," అన్నాడు బాషా.

"ముందు ఆ పెట్టెలు ఆపప్పా. ఇంకా పందొమ్మిది ఉండాయి ఆడ."

బాషా సిమ్ము ద్వారా అన్నిటికీ ఆటో రీస్టార్ట్ తీసేశాడు. తర్వాత తలెత్తి అన్నాడు: "మనమే చెప్తే రెండొందల పెట్టెలు పోతాయి. పేరు పోతాది. ఈ ఎనిమిది మంది యాడికి పోవల్ల? నువ్వు యాడికి పోతావ్?"

"యాడికన్నా పోతా. సెనక్కాయలు ఒలిచేకి పోతా."

"తప్పు మనదొకటేనా? తీగ చూసుకోకుండా దిగింది వాళ్లు గదా."

"తీగ సంగతి వాళ్లదే. మోటరు వేసింది మన పెట్టె. స్టిక్కరు అంటించింది నేను. ఏమప్పా, ఆ తమ్ముడు జైల్లో కూసోనుండాడు. ఆ యమ్మ బతికినన్నాళ్లూ వాని చేతులు చూస్తా బతకల్ల. అది ఎట్లుంటాదో నీకు తెల్దు. నాకు తెలుసు."

బాషా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతనూ చెడ్డవాడు కాదు. వాళ్లమ్మ గాజులు కుదువబెట్టి మొదలెట్టిన కంపెనీ అది. చివరికి "ఏం రాయల్లో చెప్పక్కా" అన్నాడు.

"మోటరు ఎవురూ వేయల్యా, మా పెట్టె వేసిందని రాయి. బావిలోకి మనిషి దిగుతాడని మాకు తట్టల్యా అని రాయి."

లాగ్ కాగితం జతచేసి జోసెఫ్‌కూ, అక్కడి పోలీసులకూ పంపాడు.

పది రోజులకు తమ్ముణ్ణి వదిలేశారు. జోసెఫ్ పెట్టెలన్నీ వెనక్కి ఇచ్చేశాడు. రెండు వందల మాట మళ్లీ రాలేదు. దసరా లోపల మాలో ఐదుగురు మానుకోవాల్సి వచ్చింది. వాళ్లలో సాయిరాబీ ఒకతె. పోతూ పోతూ నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు.

నేమా దగ్గరనుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. భాష నాకు తెలియదు. గొంతు మాత్రం నా గొంతులాగే బొంగురు, ఏడ్చి ఏడ్చి పాడైన గొంతు. జోసెఫ్ ఇంగ్లీషులో రాసింది చూసి బాషా చెప్పాడు. "మా మరిది ఇంటికి వచ్చినాడు. వాణ్ణి ఊరి ముందర హంతకుడా అని నేనే అంటిని. ఇప్పుడు వాడు నా కండ్లల్లోకి చూడడు. మీరు పది దినాలు ముందే చెప్పింటే బాగుండు."

ఆమె చెప్పింది నిజమే. మాకు తెలిసింది జోసెఫ్ ఫోన్ చేశాకే అయినా, దిగే గుంటలున్న ఫొటో మాత్రం ముందునుంచీ మా గోడ మీదే ఉంది.

ఇప్పుడు మా పెట్టె మోటరు వేసే ముందు రెండు నిమిషాలు హారన్ మోగుతుంది. ఒక్కొక్క పెట్టెకూ హారన్ మోగించి చూస్తాను. కింద టైర్ల అంగడాయన తిడతాడు, తిట్టనీ. ఎవరైనా పెట్టె కావాలని వస్తే నీళ్లెంత అని అడగను. బావి దగ్గర ఎవరెవరు తిరుగుతారు, ఎవరు దిగుతారు అని అడుగుతాను. ఆ ఫొటో ఇంకా గోడ మీదే ఉంది. నేనే తీయనివ్వలేదు.

ఇంకొక మాట కూడా రాయమన్నాను. స్టార్టర్ కొట్టంలో ఆ రోజు ఉన్న నలుగురూ ఇంకా మా ఊళ్లోనే ఉన్నారు. ఇది ఎవరైనా చదివి వాళ్లకు వినిపించండి. కరెంటు వేసినాయన వచ్చి నాతో ఒక్క మాట చెప్పొచ్చు. పొరపాటున వేశానన్నా సరే. నేను తిట్టను, కేసు పెట్టను. చెబితే, మిగతా ముగ్గురి ఇండ్లకు పోయి మంచినీళ్లు తాగి వస్తాను.