పేర్లు పోయిన పాదాలు

సమీక్ష కోసం కొత్త ఫోనో, కొత్త కంప్యూటరో పత్రిక ఆఫీసుకు వస్తే మీటమ్మ దాన్ని నాలుగు రోజులు తన చేత్తో వాడేది. ఐదో రోజు అత్తగారి చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. అత్తగారికి డెబ్భై ఆరేళ్లు. చూపు మందగించింది కానీ నోరు మందగించలేదు.

"ఏమే, ఇది ఫోనా పెనమా? చెవికి ఆనిస్తే చుర్రుమంటోంది!" అని ముందు గదిలోంచి కేక వినిపిస్తే చాలు, పావుగంటకే వేడెక్కుతోందని మీటమ్మ రాసుకునేది. "ఈ గొంతు పెంచే బొత్తాం ఎక్కడ దాచారే, దొంగసొత్తా?" అంటే అరమార్కు కోసేది. కంపెనీ కరపత్రంలోని అంకెలకన్నా ఆ కేకల మీదే ఆమెకు గురి ఎక్కువ. పాఠకులకూ అంతే.

దినపత్రికలో గురువారం గురువారం ఆమె పేజీ వచ్చేది. పై భాగంలో కొత్త సరుకు వార్తలు, మధ్యలో సమీక్ష, అడుగున చిట్కా. పేజీ పేరు "మీట నొక్కే ముందు". ఆ పేరు మీదే ఆఫీసులో అందరూ ఆమెను మీటమ్మ అనడం మొదలుపెట్టారు. మొదట వెనకాల అనేవారు. ఆమె ఒకసారి విని, "నా ఎదురుగానే అనండి, బాగుంది" అనడంతో అదే స్థిరపడిపోయింది.

ఆమె చదువుకున్నది కంప్యూటర్ చదువు కాదు. పాతికేళ్ల కిందట వార్తలు టైపు చేసే ఉద్యోగంలో చేరింది. కంప్యూటర్ మొండికేస్తే మెకానిక్కు వచ్చేసరికి రెండు రోజులు పట్టేది, పత్రిక మాత్రం రెండు రోజులు ఆగదు. అందుకని స్క్రూడ్రైవరు కొనుక్కుంది. తాను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో రాసి మంచినీళ్ల కూజా పక్కన గోడకు అంటించేది. నీళ్లు తాగడానికి వచ్చిన ఎడిటరు ఒకరోజు గ్లాసు చేత్తో పట్టుకుని చివరిదాకా చదివి, "ఇది గోడ మీద ఎందుకుంది, పేపర్లో కదా ఉండాలి?" అన్నారు. అలా వచ్చింది పేజీ.

ఆ పేజీకి ఆమె ఒక నియమం పెట్టుకుంది. మూడుసార్లు పరీక్షించని చిట్కా రాయకూడదు. ఒకసారి తాను చేసి చూడాలి. రెండోసారి, తాను రాసిన కాగితం చూస్తూ చెయ్యాలి. మూడోసారి అదే కాగితం అత్తగారికిచ్చి చేయించాలి. ఇన్నేళ్లలో ఒక్క చిట్కా కూడా తప్పు పోలేదని ఆమెకు లోలోపల కొంచెం గర్వం. ఆ గర్వానికి తగినంత పనీ చేసేది కనుక ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు.

ఒక గురువారం ఉదయం ఎనిమిది గంటలకు ఫోను మోగింది.

"మీట నొక్కే ముందు మేడమేనా?" అంది అవతలి గొంతు. ఆడగొంతు, ఏడ్చి ఆపినట్టుంది.

"అవునమ్మా."

"నొక్కేశాను. అన్నీ పోయాయి."

ఆ వారం చిట్కా డిస్కు గురించి. కంప్యూటరుకు బయటి నుంచి తీగతో తగిలించుకునే పాత డిస్కు కొత్త కంప్యూటరుతో పేచీ పెడుతుంటే ఫార్మాట్ చేసి దారికి తెచ్చుకోవడం ఎలాగో రాసింది. ఫార్మాట్ అంటే పలక తుడిచేసి మళ్లీ గీతలు గీసుకోవడం లాంటిది. ఐదు మెట్లు రాసి, చివర హెచ్చరిక పెట్టింది: డిస్కులో ఉన్నదంతా పోతుంది కనుక ముందే వేరేచోటికి కాపీ చేసుకోండని. ఆఖరున చెప్పిన మాటే మనసులో ఉండిపోతుందని ఆమె నమ్మకం.

ఫోను చెవికి ఆనించుకునే పేపరు తిప్పి చూసింది. ఐదు మెట్లూ ఉన్నాయి. ఐదో మెట్టు కింద బట్టల సబ్బు ప్రకటన ఉంది. హెచ్చరిక లేదు.

తాను మూడుసార్లు పరీక్షించింది తన కాగితాన్ని. పాఠకులు చేసేది అచ్చులో ఉన్నది చూసి. ఆ రెండూ ఒకటే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది.

"డిస్కు తీగ పీకెయ్యండి. ఇప్పుడే. నేను ఫోన్లోనే ఉంటాను" అంది. పీకిన చప్పుడు వినిపించాక, "ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఇంటి గుర్తులు చెప్పండి, వస్తున్నాను" అంది.

అది ఇల్లూ, దుకాణమూ కలిసిన చోటు. ముందు గదిలో జిగురు వాసన, తోలు వాసన. గోడ నిండా మేకులకు వేలాడుతున్న చెక్క పాదాలు. ఆ ఇంటాయన చెప్పులు కుట్టేవాడు. అందరికీ కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, మడమ వంకర పోయినవాళ్లు, వేళ్లు పోయినవాళ్లు, కొన్న చెప్పు ఏదీ కాలికి పట్టనివాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. ప్రతి పాదాన్నీ అడుగు నుంచీ పక్క నుంచీ ఫొటో తీసి, గీసిన కొలత కూడా ఫొటో తీసి డిస్కులో పెట్టుకున్నారు. ఆరు వందల పైచిలుకు మనుషులు. కాగితాలు చెమ్మకు కుళ్లిపోతున్నాయని నిరుడే పారేశారు. కొత్త జత కుట్టాలంటే ఆ ఫొటోలే ఆధారం. చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, మళ్లీ కొలతకు రాలేరు.

ఫోను చేసింది ఆయన భార్య. ఆమె మీటమ్మ పేజీకి వీరాభిమాని. ప్రతి చిట్కా కత్తిరించి పుస్తకంలో అంటించేది. పుస్తకం ఇప్పుడు బల్ల మీదే ఉంది, ఈ వారం ముక్కకు జిగురు కూడా ఇంకా ఆరలేదు.

"మీరే చదవండి. ఎక్కడన్నా చెప్పారా అన్నీ పోతాయని?"

"చెప్పాను. అచ్చులో పడలేదు."

"మీట నొక్కే ముందు అని పేరు పెట్టుకుని, నొక్కాక చెప్తే ఎలాగండీ? చేతులు కాలాక ఆకులు పట్టుకోమనా?"

మీటమ్మ సంచిలోంచి తన కంప్యూటరూ, ఖాళీ డిస్కూ తీసి బల్ల మీద పెట్టింది. "ఒకటి అడుగుతాను. ఫార్మాట్ అయ్యాక దాంట్లో ఏమన్నా వేశారా?"

"మీరే రాశారుగా, ఐదో మెట్టులో. చిన్న ఫైలు వేసి చూసుకోమని. ఒక పాట వేశాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. రెండు వేసే ఓపిక ఎక్కడుంది, అప్పటికే ఈయన వచ్చి అడిగారు పూల దుకాణం ఆవిడ కొలత తియ్యమని."

మీటమ్మకు ఊపిరి వచ్చింది. తాను రాసినట్టు పైపైన ఫార్మాట్ చేస్తే చెరిగిపోయేది విషయసూచిక, పుస్తకం కాదు. ఫొటోలు డిస్కులో ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. ఒక పాట ఆక్రమించినంత మేరే పోతుంది. "చాలా వరకు వస్తాయి" అంది. అనేసిన తర్వాత, ఎంతవరకు వస్తాయో తనకు తెలియదని కూడా అంది.

ఆ ఇంటాయన ఈ మాటలేవీ విననట్టే మూల పీట మీద కూర్చుని తోలు కోస్తున్నాడు. పొద్దుట్నించీ భార్యతో ఉలుకూ పలుకూ లేదు. ఆమెకు తెలుసు, కోపంతో అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండునని కూడా ఆమెకు ఉంది.

పోయిన ఫొటోలను వెతికే ప్రోగ్రాం డిస్కును అంచు నుంచి అంచు దాకా చదవడానికి మూడు గంటలు పడుతుందని చూపించింది. మీటమ్మ వాకిట్లోకి వచ్చి పేపర్లో పేజీలు సర్దే డెస్కు ఇన్‌చార్జికి ఫోను చేసింది. ఆయన నిద్రలోంచి లేచాడు.

"హెచ్చరిక ఎవరు తీశారు?"

"నేనేనండీ. ఆఖరి నిమిషంలో ప్రకటన పడింది. నాలుగు లైన్లు తియ్యాలి. కింద నుంచే కదా తీస్తాం? వార్తలో అసలు సంగతి పైనుంటుంది, అడుగున ఉన్నది పోయినా నష్టం లేదు. నాకు మొదటి రోజు నేర్పిందే అది."

"నాకూ అదే నేర్పారు. అందుకే తప్పు మీది అనడం లేదు. అడుగున పెట్టింది నేను. రేపటి పేపర్లో దిద్దుబాటు వెయ్యాలి."

"రేపెందుకు, వచ్చే గురువారం మీ పేజీలోనే ఒక మూల..."

"వచ్చే గురువారం దాకా ఎంతమంది నొక్కుతారో మీకు లెక్క తెలుసా?"

ఆయన నిద్ర వదిలింది. "ఎక్కడ కావాలి?"

"మొదటి పేజీలో. నేను తప్పు చేశానని నా పేరుతో. మీ పేరు అక్కర్లేదు."

"ఎడిటరుగారు ఒప్పుకోరండీ. మొదటి పేజీలో మన తప్పు మనమే చాటుకోవడం..."

"ఒప్పుకుంటారు. నేను చెప్తాను."

ఎడిటరుకు చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఒప్పుకున్నారు. పాతికేళ్లలో ఆమె మొదటి పేజీలో చోటు కావాలని ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడిగింది కనుక ఏదో ఉండే ఉంటుందని ఆయన లెక్క.

దుకాణం బల్ల మీదే కూర్చుని దిద్దుబాటు రాసింది. నియమం ప్రకారం చదివి చూడటానికి ఇంకో మనిషి కావాలి. ఇంటావిడ చేతికిచ్చింది.

ఆమె చదివి మూతి విరిచింది. "నిన్న గురువారం సంచికలో ప్రచురించిన... ఇంత దూరం ఎవరు చదువుతారండీ? ఈలోపు చెయ్యి ఊరుకుంటుందా? ముందు 'ఆగండి' అని వెయ్యండి."

మీటమ్మ కొట్టేసి మళ్లీ రాసింది. మొదటి లైను "ఆగండి". రెండో లైను, డిస్కు తీగ పీకేసి పక్కన పెట్టండి. మూడో లైను, దాని మీద ఏదీ కాపీ చెయ్యకండి. తప్పు ఎవరిదన్నది ఆ తర్వాత.

"ఇప్పుడు బాగుంది" అంది ఇంటావిడ. "మీకు వార్త రాయడం వచ్చు గానీ, భయపడ్డవాళ్లకు రాయడం రాదు."

ఆ మాట మీటమ్మ తన నోటుపుస్తకంలో రాసుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తెర మీద ఫొటోలు రావడం మొదలైంది. ఒకటి, రెండు, పది, నూరు. పాదాలు. బోర్లించినవి, పక్కకు తిప్పినవి, వేళ్లు ముడుచుకున్నవి. ఇంటావిడ చేతులు జోడించి, వెంటనే దించేసింది.

"ఇదేంటి? పేర్లేవి?"

ప్రతి ఫొటో కిందా ఒక నంబరు ఉంది. అంతే.

మీటమ్మకు ఇది ముందే తట్టాల్సింది. విషయసూచికతో పాటే పేర్లూ పోతాయి. బొమ్మ దొరుకుతుంది, అది ఎవరిదో చెప్పే చీటీ దొరకదు. ఆమె దాచలేదు. "పేర్లు రావు. ఎంత వెతికినా రావు."

"పేర్లు లేకుండా ఆరు వందల కాళ్లతో ఏం చేసుకోమంటారు? గోడకు అంటించుకోనా?" ఇంటావిడ కుర్చీలో కూలబడింది. ఒక్కొక్క పేరూ ఆమే టైపు చేసింది. ఎనిమిదేళ్ల పని.

మూలన కత్తి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన లేచి, చేతులకున్న జిగురు గుడ్డకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని తెర ముందుకు వచ్చాడు. కాసేపు చూశాడు.

"ఇది బస్సు డ్రైవరుది" అన్నాడు. "కుడి మడమ బయటికి అరుగుతుంది. బ్రేకు తొక్కి తొక్కి."

మీటమ్మ తరవాతి ఫొటోకు జరిపింది.

"మెట్ల మీంచి పడ్డ పాప. బొటనవేలు పక్కకు తిరిగి అతికింది చూడండి."

తరవాతిది.

"లెక్కల టీచరు. నిలబడి నిలబడి పాదం పరుచుకుపోయింది." ఆగి, తల తిప్పకుండానే అడిగాడు. "లెక్కల టీచరు పేరేంటే?"

పొద్దుట్నించీ అది ఆయన భార్యతో అన్న మొదటి మాట. ఆమె కుర్చీ లాక్కుని పక్కకు వచ్చి కూర్చుని పేరు చెప్పింది. మీటమ్మ టైపు చేసింది.

"మీకు పేర్లు తెలీవా?" అని అడిగింది మీటమ్మ.

"పేర్లతో నాకేం పనండీ? నాకు కాలు తెలుసు. పేర్లు ఆవిడ చూసుకుంటుంది."

"ఆవిడ అంట, ఆవిడ!" అంది ఇంటావిడ. "పొద్దున్న ఈ నోరు ఎక్కడ పెట్టారో."

"తోలు కోస్తున్నా. కత్తి చేతిలో ఉంటే మాట్లాడకూడదు."

ఆ సాయంత్రం నూట నలభై అయ్యాయి. మర్నాడు మొదటి పేజీలో "ఆగండి" అచ్చయింది. ఫోను మోగుతూనే ఉంది. పదకొండు మంది అప్పటికే నొక్కేసినవాళ్లు, ఇరవై మందికి పైగా నొక్కబోయి ఆగినవాళ్లు. డెస్కులో అందరూ వంతులేసుకుని జవాబులు చెప్పారు. ఇన్‌చార్జి అందరికన్నా ఎక్కువ చెప్పాడు. మీటమ్మ మాత్రం సెలవు పెట్టి చెప్పుల దుకాణంలో కూర్చుంది. మూడో రోజూ కూర్చుంది. ఆయన పాదం చెప్పేవాడు, ఆమె పేరు చెప్పేది, మీటమ్మ కొట్టేది. పాట మింగేయడంతో తెరుచుకోని ఫొటోలు ఏడు. ఆ ఫొటోలవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. చెప్పు అరిగినప్పుడు వాళ్లే కబురు చేస్తారని ఆయన తేల్చేశాడు. చూసి కూడా పోల్చుకోలేనివి మూడే మిగిలాయి. అందుకు ఆయన చిన్నబుచ్చుకున్నాడు, అవి చీకట్లో తీసిన ఫొటోలని భార్య మీదికి నెట్టాడు.

మూడో రోజు సాయంత్రం ఒక పాదం దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు. లోపలికి బాగా ఒంగిన పాదం.

"ఈయన పోయి రెండేళ్లయింది" అన్నాడు. "తీసెయ్యండి."

మీటమ్మ మీటల మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఈ ఇంట్లో నేనేదీ తీసెయ్యను. కావాలంటే మీరే నొక్కండి."

ఇంటావిడ ఫక్కున నవ్వింది. ఆయన వేలు చాపాడు, మీట దాకా వెళ్లింది, ఆగింది. ఫొటోలోకి ఇంకొంచెం వంగి చూశాడు.

"ఉండనివ్వండి. కొడుక్కి ఇప్పుడు పదకొండేళ్లు. వాడి కాలూ ఇటే తిరుగుతోంది. తండ్రికి ఎక్కడ ఎత్తు పెట్టానో చూసుకుంటే వాడికి ముందే పెట్టొచ్చు."

"పేరు?" అంది మీటమ్మ.

ఇంటావిడ తండ్రి పేరు చెప్పింది, దాని పక్కన కొడుకు పేరు కూడా చెప్పింది. మీటమ్మ రెండూ కొట్టి తరవాతి పాదానికి జరిపింది.