విప్పడానికి వేసిన కుట్టు

గుండీ అనే పిల్ల బడిలో బెంచీకి అంటుకుపోయింది. ప్రార్థనకు అందరూ లేచి నిలబడితే తను కూర్చునే చేతులు జోడించింది. టీచరు భుజాలు పట్టుకుని లేవదీయబోతే బెంచీ కూడా కాస్త లేచింది. చివరికి ఆయా వచ్చి మెల్లగా ఊడదీసింది.

ఇదంతా వాళ్ల నాన్న పనితనం. ఆయన సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. పొద్దున యూనిఫాం గౌను కింది మడత ఒక పక్క ఊడిందని, ట్యూబులకు పూసే సొల్యూషన్ ధారాళంగా పూసి అంటించాడు. బడికి వేళైపోతోందని ఆరకముందే తొడిగి పంపేశాడు.

సూది పెడదామంటే గుండీ పెట్టనివ్వదు. వీధి చివరి దర్జీ నిమిషంలో వేసిస్తానమ్మా అని బతిమాలినా, గౌను రెండు చేతులా అదిమిపట్టుకుని గోడకు అతుక్కుపోయింది. ఆ గౌను అమ్మ కుట్టింది. వానలు మొదలైనప్పుడు అమ్మ చనిపోయింది. గుండీ అని ముద్దుపేరు పెట్టిందీ ఆవిడే. ఇంకొకరి కుట్టు పడితే అమ్మ కుట్టు పోతుందని ఆ పిల్ల భయం.

సాయంత్రం పిన్ని వచ్చింది. సొల్యూషన్ మరకలు చూసి బావగారి వైపు తిరిగింది. ఆయన నేరం చేసినవాడిలా తల దించుకుని నిలబడ్డాడు.

"పొట్టిదైపోయిందే. మడత విప్పేద్దాం."

"వద్దు పిన్నీ. అమ్మ పోతుంది."

పిన్ని గుండీని దగ్గరకు లాక్కుంది. తర్వాత గౌను తిరగేసి చూపించింది. మిగతా అంతటా చీమలబారులా సన్నటి కుట్టు. మడత దగ్గర మాత్రం పొడుగ్గా, వదులుగా ఉంది.

"అక్కకు బద్ధకమేసి ఇలా కుట్టిందనుకున్నావా? విప్పడానికే వేసిందే పిచ్చిపిల్లా. నువ్వు పొడుగవుతావని తనకు తెలుసు."

గుండీ ఆ కుట్లను వేలితో తడుముతూ కూర్చుంది. చివరికి ముడి తనే పంటితో కొరికింది. లాగుతుంటే దారం సొల్యూషన్ అంటినచోట కూడా తెగకుండా వచ్చేసింది. దాన్ని వేలికి చుట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న అటు తిరిగి, చేతిలో ఉన్న పంపు కోసమే మూలలన్నీ వెతికాడు.

అంచు కుట్టడానికి పిన్ని కొత్త దారం తీస్తే గుండీ వద్దంది. ఆ పాత దారాన్నే తడిచేసి, సూదికెక్కించి ఇచ్చింది.

గౌనంతా ఎండకు వెలిసిపోయింది. మడతలో దాగిన గుడ్డ మాత్రం ముదురు నీలంగా అలాగే ఉంది. మర్నాడు టీచరు చూడనే చూసింది. యూనిఫాం రెండు రంగుల్లో ఉంటే ఎలాగమ్మా, కింద కొత్త గుడ్డ అతికించారేమిటని కోప్పడింది.

గుండీ లేచి నిలబడింది. ఈసారి బెంచీ లేవలేదు.

"కొత్తది కాదు టీచర్, నేను పొడుగయ్యేదాకా మా అమ్మ దాచిపెట్టింది."