రెండున్నర మైళ్ళ తేలిక నడక

ఆల్బుకర్కీ ఊరి తెలుగువాళ్ళలో కృష్ణవేణిని ఎరగనివాళ్ళు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆస్పత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని పనిచేసిన మనిషి. రిటైరయ్యాక ఇంక కూర్చోనని ఒట్టు పెట్టుకున్నట్టు కొండలు పట్టుకుంది. నెలకో ఆదివారం పదిమందిని పోగేసి నడకకి తీసుకెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయిన భర్త గోపాల్ అందరికీ పులిహోర కలిపి పంపేవాడు. ఆవిడ వస్తోందంటే ఇంకెవరూ మ్యాప్ చూసేవారు కాదు.

ఆ నడకలు ఆగిపోయి ఏడేళ్ళయింది.

ఆ అక్టోబర్లో శాంటా ఫే దగ్గర కొండలకి పదకొండుమంది వెళ్ళారు. పదిమంది తిరిగొచ్చారు. రానిది నరసింహంగారు, ఫార్మసిస్టుగా రిటైరైన డెబ్బై రెండేళ్ళ పెద్దమనిషి. తిరుగుదారిలో "మీరు పదండి, బూటు లేసు కట్టుకుని వస్తా" అని వెనక ఆగారు. ముందు నడుస్తున్న కృష్ణవేణి వెనక్కి తిరిగి, "కార్లు పది నిమిషాల దూరమేనండీ, నెమ్మదిగా రండి" అని కేకేసింది. ఆయన చెయ్యెత్తి ఊపారు. అంతే.

చూస్తే భయం పుట్టించే కొండలు కావవి. లోయలు లేవు, జారుడు బండలు లేవు. మనిషెత్తుకి కాస్త పైన పిన్యన్ చెట్లు, జూనిపర్ చెట్లు, మైళ్ళకొద్దీ. ఏ చెట్టుని చూసినా ఇందాకటి చెట్టే అనిపిస్తుంది. ఎర్రమట్టి కాలిబాటకి అటూ ఇటూ జింకలు నడిచిన దారులు, అవీ అలాగే ఉంటాయి. నలభై అడుగులు పక్కకి తప్పితే అసలు బాట ఎటుందో తెలీదు. చీకటిపడే దాకా ఈలలు వేశారు, కార్ల హారన్లు మోగించారు. వాలంటీర్లొచ్చారు, కుక్కలొచ్చాయి, హెలికాప్టరొచ్చింది. ఆయన టోపీ పడమటి వైపు దొరికితే అందరూ అటే వెతికారు. మూడోరోజు పొద్దున దొరికారు, తూర్పున, ఒక జూనిపర్ మొదలుకి ఆనుకుని కూర్చుని. మొదటి రాత్రి చలికే పోయారన్నారు. అక్కణ్ణించి పార్కింగ్ లాట్‌కి నాలుగువందల గజాలు.

కృష్ణవేణిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన భార్య పద్మిని కూడా అనలేదు. అదే కృష్ణవేణిని లోపల్లోపల తినేసింది. నలుగురితో కలిసి ఎక్కడికెళ్ళినా తలలు లెక్కపెట్టుకునేది. వీధిలో ఎవరైనా అదేపనిగా హారన్ కొడితే చేతిలో పని వదిలేసి వాకిట్లోకొచ్చి నించునేది. ఒక్కోసారి పట్టపగలు వంటింట్లో, వెనక ఎవరో వంగి లేసు కట్టుకుంటున్న అలికిడి అయ్యేది. తిరిగి చూసేది కాదు.

ఈ సెప్టెంబర్లో పద్మిని ఫోన్ చేసింది. "వేణీ, ఇల్లు ఖాళీ చేస్తున్నా. క్యారీ ఊళ్ళో మా అమ్మాయి మృదుల దగ్గరికి వెళ్ళిపోతున్నా. వెళ్ళేలోపు ఆ చోటు ఒకసారి చూడాలి. నువ్వే తీసుకెళ్ళాలి."

"నేనా, అక్కా?"

"ఆ దారి నీకు కాక ఎవరికి తెలుసు?"

కృష్ణవేణి డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరిచింది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఈలలు, చలికోట్లు, చెట్లకి కట్టడానికి నారింజ రంగు రిబ్బన్లు, ఏ మలుపుకి ఎన్నింటికి చేరాలో, ఎన్నింటికి ఫోన్ రాకపోతే గోపాల్ ఎవరికి కబురు చెయ్యాలో, అన్నీ రాసుకుంటూ పోయింది.

గోపాల్ కాయితాలు చూసి, "రెండున్నర మైళ్ళకి మూడు పేజీలా?" అన్నాడు.

"అప్పుడు అర పేజీ రాశాను," అంది. "చాలా తేలిక నడక, అందరూ రావచ్చు అని."

వారం ముందే దారి చూసొస్తానని ఒక్కతే బయల్దేరింది. పార్కింగ్ లాట్‌లో కార్ ఆపి గంటసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. తలుపు తియ్యలేదు. ఇంటికొచ్చి, "దారి బాగానే ఉంది" అని చెప్పింది.

అనుకున్న రోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఇద్దరూ నడక మొదలుపెట్టారు. పద్మినిని ముందు నడవమంది, తను వెనక. ఎండ వెచ్చగా ఉంది, గాలిలో జిగురు వాసన. ఒకచోట ఎవరో కుటుంబం చెట్టు కింద దుప్పటి పరిచి పిన్యన్ గింజలు దులుపుకుంటోంది. వాళ్ళని దాటాక అంతా నిశ్శబ్దం. అప్పుడు కృష్ణవేణికి తన వెనక అడుగులు వినిపించాయి. తను ఆగితే అవీ ఆగుతున్నాయి. లెక్కపెట్టుకుంది. ఉన్నది ఇద్దరే. అయినా మనసులో ప్రతిసారీ ముగ్గురని తేలుతోంది. పద్మిని వీపు మీంచి చూపు తిప్పకుండా నడిచింది.

అప్పటి వాలంటీర్లు రాసిచ్చిన గుర్తుల్ని బట్టి ఆ జూనిపర్ దగ్గరికి చేరారు. పద్మిని వెళ్ళి, ఆయన కూర్చున్నచోటే కూర్చుంది.

ఎక్కణ్ణించో కార్ తలుపు వేసిన చప్పుడైంది. ఎవరో ఆడమనిషి కుక్కని పిలుస్తోంది. ఆ కుక్క పేరుతో సహా వినపడింది.

కృష్ణవేణి చప్పుడొచ్చిన వైపు తిరిగింది. "అక్కా, పార్కింగ్ లాట్‌లో మాటలు ఇక్కడికి వినిపిస్తున్నాయి. అన్ని హారన్లు కొట్టాం. ఆయన ఎందుకు పలకలేదు?"

పద్మిని మట్టిలో వేలితో గీత గీసింది. "వినపడి ఉండదు. చెవి మిషన్లు ఇంట్లోనే వదిలేశారు."

"ఆయనకి చెవి మిషన్లా?"

"కొత్తగా పెట్టుకున్నారు. నామోషీ, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ పొద్దున కాఫీ దగ్గర మాటా మాటా పెరిగింది. నా గోల భరించలేక చెవుల్లోంచి తీసి టేబుల్ మీద పడేశారు. బయల్దేరేటప్పుడు చూశాను వేణీ. తీసుకెళ్ళమని చెప్పలేదు. ఒక పూట వినపడకుండా తిప్పలు పడనీ అనుకున్నాను." ఆవిడ మట్టిలో గీతని అరచేత్తో చెరిపేసింది. "పోలీసులకి చెప్పలేదు, మృదులకి చెప్పలేదు. తప్పంతా నీదేనని నువ్వు కుమిలిపోతున్నావని తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

అయితే ఆ రోజు తను వెనక్కి తిరిగి వేసిన కేక కూడా ఆయనకి వినపడలేదన్నమాట. పది నిమిషాల దూరమని ఆయనకి తెలియనే తెలియదు. ఏదో అంటోందనుకుని మర్యాదకి చెయ్యూపారు.

"ఏడేళ్ళక్కా," అంది కృష్ణవేణి.

"తిట్టు. అందుకే పిలిచాను."

తిట్టలేకపోయింది. ఓదార్చనూ లేకపోయింది. నాలుగడుగులు పక్కకి వెళ్ళి చెట్టుకి రిబ్బను కట్టి, ముడి సరిగ్గా పడలేదని విప్పి, మళ్ళీ కట్టింది. కాసేపు తనని ఒంటరిగా వదలమని పద్మిని అడిగితే, "ఎవర్నీ ఇక్కడ వదిలి కదలను" అంది కరుగ్గా. అక్కడే, కొంచెం ఎడంగా కూర్చుంది.

తిరుగుదారిలో ఒక్కసారే మాట్లాడింది. "మృదులకి చెప్పండి. ఆ పిల్లకి తెలియాలి."

పద్మిని తలూపింది.

"ఇప్పుడు మనసు కుదుటపడిందా?" అని ఆ సాయంత్రం గోపాల్ అడిగాడు. లేదంది. నిజమే, వంటింట్లో ఆ అలికిడి పోలేదు. కాకపోతే ఒకరోజు పప్పు కలుపుతూ కలుపుతూ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. చాలాసేపు అలా చూస్తూనే నించుంది.

పద్మిని వెళ్ళిన మూడు వారాలకి మృదుల ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ నాకు అంతా చెప్పింది. నేను చాలా కోపంగా ఉన్నాను. డాడ్ కూర్చున్న ప్లేస్ నాకు కూడా చూపిస్తారా? డిసెంబర్లో లీవ్ తీసుకుంటాను."

"డిసెంబర్లో అక్కడ మంచు పడుతుందమ్మా," అంది కృష్ణవేణి. "ఏప్రిల్ నెలాఖరుకి రా. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నంలోపు వెనక్కొచ్చేద్దాం."