కమ్లి పొడుగు రొట్టె, సీతారామయ్య పొయ్యి

రొట్టె చేసింది కమ్లి. పొయ్యి కట్టించింది సీతారామయ్య. చెడిన రోజున మాత్రం రెండు పాపాలూ కమ్లి నెత్తినే పడ్డాయి.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో, కోదాడకు అవతల సున్నపురాతి గుట్టల మధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీ లేస్తోంది. యంత్రాలు బిగించడానికి ఫ్రాన్సు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. తెల్లారి లేస్తే ఆయనకు తన దేశపు రొట్టె కావాలి. మూరెడు పొడుగు, పైన కరకరలాడే పెచ్చు, లోపల దూది. కోదాడ బేకరీ బ్రెడ్డు తెప్పిస్తే ఒక్క ముక్క కొరికి, ఆ తీపికి మొహం చిట్లించి, "కేక్" అని పక్కకు నెట్టాడు.

గెస్ట్‌హౌస్‌లో అంట్లు తోముతున్న కమ్లి అది చూసి నవ్వింది. ఆమెది గుట్ట కింది తండా. జొన్నరొట్టెలు కొట్టి కొట్టి అరచేతులు వెడల్పైన మనిషి. ఆ రొట్టె గెస్ట్‌హౌస్‌లోనే చేయాలనుకుని, పిండి పులియడానికి కల్లు తప్ప వేరే దారి లేదని తేలినప్పుడు, వంటవాడు కల్లు ముట్టనని మొండికేశాడు. పని కమ్లి చేతికి వచ్చింది.

పొద్దుగూకే వేళ ఈతకల్లు అడుగున పేరిన చిక్కటి మడ్డిని మైదాలో కలిపేది. తెల్లవారేసరికి పిండి పసిబిడ్డ పొట్టలా ఊపిరి తీస్తూ ఉండేది. ముద్దలను పొడుగ్గా సాగదీసి, ఉతికిన ధోవతి మడతల మధ్య ఒక్కొక్కదాన్నీ పడుకోబెట్టేది. బ్లేడుతో ఏటవాలుగా గాట్లు పెట్టేది. తాను పుట్టమన్నుతో కట్టుకున్న పొయ్యిలోంచి నిప్పులు లాగేసి, రొట్టెలు నెట్టి, లోపల చెంబెడు నీళ్లు చల్లి మూత వేసేది. ఆవిరి పట్టకపోతే పెచ్చు కరకరలాడదని ఫ్రెంచి సారు చేతులతో, నోటి చప్పుళ్లతో నేర్పాడు. బయటికి తీసిన రొట్టెను కమ్లి చెవి దగ్గర పెట్టుకునేది. గాలి తగిలి పెచ్చు చిటపటలాడేది, ఎండిన నేల తొలి చినుకులతో మాట్లాడినట్టు.

కంపెనీ పెద్దలు వస్తున్నారన్న కబురుతో సీతారామయ్య దిగాడు. కట్టుబడి పనులన్నీ చూసే సూపర్‌వైజరు ఆయన.

"ఏంటే ఇది, ఎలుగుబంటి గుహలాగా? పెద్దవాళ్లు చూస్తే నా పరువేం కావాలి?"

పుట్టమన్ను పొయ్యిని గడ్డపారతో పడగొట్టించాడు. క్వారీ నుంచి చెక్కిన రాయి తెప్పించి, గోడలూ అడుగూ దాంతోనే కట్టించాడు.

"సారూ, జర ఇను," అంది కమ్లి. "గిది సున్నపురాయి. రోజూ మంట తగిల్తే కాలి సున్నమైతది. మల్ల మనం లోపట నీళ్లు సల్లాలె. పొంగి పగుల్తది."

"నాకు ఇంజనీరింగ్ నేర్పుతున్నావా?"

"మా నాయిన సచ్చేదాంక సున్నపు బట్టీల పనిజేసిండు సారూ. ఆ రాయి సంగతి నాకెర్కే."

"ఆ తెల్లాయన నిన్ను నెత్తికెక్కించుకున్నాడు. నోరు మూసుకుని పని చూడు."

ఇరవై రోజులు నోరు మూసుకోలేదామె. పొయ్యి అడుగున రాలిన తెల్లపొడిని రోజూ ఊడ్చి, చాటలో పోసి ఆయనకు చూపించింది. ఆయన రోజూ తల తిప్పుకున్నాడు.

పెద్దలు వచ్చిన రోజు గెస్ట్‌హౌస్ హాల్లో నలభై పళ్లాలు పరిచారు. అన్ని రొట్టెలకు పొయ్యిని పొద్దుటి నుంచీ ఎగదోయాల్సి వచ్చింది. నీళ్లు చల్లగానే లోపల బుస్సుమంది. అడుగు రాళ్లు పొంగి, విచ్చి, రొట్టెల కింద సున్నం అతుక్కుపోయింది.

"వద్దు సారూ, నోళ్లు కాల్తయ్," అని గంపకు అడ్డం నిలబడింది కమ్లి.

"దులిపితే పోతుంది. తప్పుకో!" గంప లాక్కుని సీతారామయ్యే బల్ల మీద పెట్టించాడు.

మొదట కొరికిన పెద్దమనిషి నాలుక పట్టుకుని లేచాడు. హాలంతా వినేలా సీతారామయ్య అన్నాడు: "తండా మనిషి సార్. పిండిలోకని తెచ్చిన కల్లు తాగేసి ఉంటుంది. సున్నానికీ మైదాకీ తేడా తెలియలేదు."

కమ్లి జన్మలో కల్లు నోట పెట్టలేదు. తాగి తన్నే నాయినను చూసి పెరిగిన మనిషికి ఆ వాసన పిండి వరకే. ఒళ్లు మండిపోయింది. వెనక్కి పరుగెత్తి, పొయ్యిలోంచి రాలిన రాతిముక్కను స్టీలు పళ్లెంలో తెచ్చి, బల్ల మీద ఠంగుమని పెట్టింది. పక్కనున్న గ్లాసు ఎత్తి దాని మీద నీళ్లు పోసింది. క్షణం గడిచింది. రాయి కుతకుత ఉడికి, విచ్చుకుని, తెల్లగా పొంగింది.

"సూడుండ్రి! ఎవరు తాగిండ్రు, నేనా, గీ రాయా?"

అందరూ చూశారు. నాలుక కాలిన పెద్దమనిషి ఐసు ముక్క అడిగాడు. ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు. వాచ్‌మన్ వచ్చి కమ్లిని గేటు బయట వదిలేశాడు. అబద్ధానికి అంత గొంతు, నిజానికి ఒక్క దగ్గు చప్పుడైనా లేదు.

మూడో రోజు తండాకు జీపు వచ్చింది. ఫ్రెంచి సారు తిండి మానేశాడట.

"జీతం పెంచమన్నారు. ఎక్కు," అన్నాడు సీతారామయ్య.

"మాట సంగతేంది సారూ?"

ఆయన చుట్టూ చూశాడు. కోళ్లు, ఇద్దరు ముసలమ్మలు. గొంతు తగ్గించాడు. "సరే. తప్పు నాదే. అయిందా?"

"గీడ గాదు. నలభై పళ్లాల ముందర తాగుబోతునన్నవ్. గాడ్నే సెప్పు."

"నాకూ ఉద్యోగం ఉంది కదా కమ్లీ."

"మరి నాకు లేకుండెనా?"

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. "రాయి తిన్నది వాళ్లు, అరగనిది నీకా?" అని అత్త సీతాబాయి సణిగింది. "పెరిగిన జీతం కాళ్లదన్నినవ్ గదే."

"నన్ను తాగుబోతంటే నీకు కమ్మగున్నదా అత్తా?"

మర్నాడు సీతాబాయి తనే పుట్టమన్ను తవ్వి తెచ్చింది. గుడిసె ముందర కొత్త పొయ్యి లేచింది. ఆదివారాలు ఫ్రెంచి సారు గుట్ట దిగి నడిచొచ్చేవాడు. నులకమంచం మీద కూర్చుని, రొట్టె విరిచి, పచ్చిమిర్చి తొక్కుతో తిని, కళ్లనీళ్లు తుడుచుకునేవాడు.

ఒకసారి వెళ్తూ వెళ్తూ ఇంకో రొట్టెను తువ్వాలులో చుట్టుకుని, "సీతారామయ్య," అని నోటి వైపు వేలు చూపించాడు. ఆయనకూ తినాలని ఉందట.

కమ్లి తువ్వాలు విప్పి రొట్టె వెనక్కి తీసుకుంది. "మొదలు మాటకు నోరు తెరవమను సారూ. మల్ల రొట్టెకు తెరుస్తడు."

సారుకు అందులో ఎంత అర్థమైందో గాని, ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. ఆయన తన దేశం వెళ్లిపోయేదాకా ఆ రొట్టె ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోలేదు.